కష్టకాలమందు మైత్రి

స్నేహమను మాటకు రెండర్థములు కలవు. ఒకటి చెలిమి, రెండవది నూనె, జిడ్డు. నిఘంటువు తెరచి చూచినవారికి ఇది వింతగా తోచవచ్చును గాని, ఆలోచించినచో వింత ఏమియు లేదు. రెండు వస్తువులను అంటిపెట్టునది జిడ్డు. ఇద్దరు మనుష్యులను అంటిపెట్టునది చెలిమి. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రము ఐదవ అధ్యాయమున పరమాణువుల కలయికను గూర్చి చెప్పుచు, జిడ్డుదనమును గరుకుదనమును దానికి కారణములుగా చూపిరి. ఏడవ అధ్యాయమున మనుష్యుడు తోటివారియెడ ఎట్టి భావముతో మెలగవలెనో చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము వారు మైత్రి అను మాటను ఎన్నుకొనిరి. ఇది ఊరక జరిగినది కాదని నాకు తోచును. అంటుకొని యుండుట ఒకటి, మేలు కోరుట మరియొకటి. అంటుకొనియుండి కీడు చేసికొన్న మిత్రులను మనము చూచియే యున్నాము. దూరముననుండి మేలు కోరినవారు మనకు వెంటనే జ్ఞాపకమునకు రారు.

ఆ సూత్రములో మైత్రితో పాటు మరి మూడు భావనలు కలవు. పతంజలి యోగసూత్రములలోను, బౌద్ధుల గ్రంథములలోను కొద్ది పేరుమార్పుతో ఈ నాలుగే కనబడును. కాబట్టి ఇవి మన దేశపు పెద్దలందరికి ఉమ్మడిసొత్తు అనవచ్చును. మైత్రికి హద్దు లేదు. ప్రాణమున్న ప్రతిదానికి అది చెందును. మనకంటె గుణమున మిన్నయైనవాడు ఎదుటబడినప్పుడు కలుగవలసిన సంతోషము ప్రమోదము. బాధలో నున్నవానిని చూచినప్పుడు కలుగవలసినది కారుణ్యము. మంచిమాట చెవికెక్కించుకొననివాడు తటస్థపడినప్పుడు కోపమును ప్రీతియు రెండును లేక నిలువగలుగుట మాధ్యస్థ్యము. మనము నిత్యము ‘స్నేహితుడు’ అను ఒక్క మాటతో ఈ నలుగురిని పిలుచుచున్నాము. చిక్కంతయు అక్కడనే పుట్టుచున్నది.

వీనిలో కారుణ్యమును గూర్చి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. మనవారిలో దానికి కొరత లేదు. కరువులు వచ్చినప్పుడు, గోదావరి పొంగినప్పుడు చేయి చాచినవారిని చూచుచునే యున్నాము. కష్టమైనది ప్రమోదము. పూజ్యపాదులు సర్వార్థసిద్ధి వ్యాఖ్యలో ప్రమోదమునకు గుర్తుగా ముఖవికాసమును పేర్కొనిరి. ఎంత నిక్కమైన గుర్తు! నోటితో పొగడుట ఎవరైనను చేయగలరు. ఇరుగింటివాని మంచితనమును నలుగురు మెచ్చుచుండగా విన్న ఆ క్షణమున మన ముఖమేమైనదో ఎదుటివానికి తెలియును, మనకు తెలియదు. అంతేకాదు, ఇచట చెప్పినది గుణముచేత మిన్నయైనవానిని గూర్చి. ధనముచేత మిన్నయైనవానిని గూర్చి కాదు. ధనవంతుని చూచి వికసించు ముఖములకు ఏ శాస్త్రమును అక్కరలేదు.

పాఠము మనసున పట్టవలెనన్నచో ఈ మాటలను ఒక మనుష్యుని జీవితముపై పెట్టి చూడవలెను. గాంధీజీ ఆత్మకథ ఇందుకు మిక్కిలి తగినది. 1925వ సంవత్సరము మొదలుకొని నవజీవన్ పత్రికలో వారము వారము వెలువడిన ఆ గ్రంథమున వారు తమ చెలిములను గూర్చి దాపరికము లేకుండ వ్రాసిరి. అందు రెండు చెలిములను మాత్రము ఇచట తీసికొందును.

మొదటిది రాజకోటలో చదువుకొను నాటిది. ఆ మిత్రుని పేరు గాంధీజీ చెప్పలేదు, మనకును అక్కరలేదు. అతడు బలిష్ఠుడు, ధైర్యశాలి. దూరము పరుగెత్తగలడు, ఎత్తు దుమకగలడు. గాంధీజీ ఆనాడు చీకటికి భయపడు బాలుడు. ఆ బలమును చూచి ముచ్చటపడిరి. తల్లియు, అన్నయు, భార్యయు ఆ సావాసము తగదని హెచ్చరించిరి. తాను అతనిని దిద్దగలనే గాని అతడు తన్ను చెరపలేడని గాంధీజీ వారికి సమాధానము చెప్పిరి. ఫలితము మనకందరకు తెలిసినదే. నదియొడ్డున చాటుగా మాంసము తినుట, ఆ రాత్రి కడుపులో మేక అరచుచున్నట్లు కలతపడుట, ఇంటికి వచ్చి ఆకలి లేదని తల్లితో బొంకుట. ఒక యేడాది కాలములో అట్టి విందులు ఐదారు జరిగినవట. తల్లిదండ్రులతో అబద్ధమాడుట సహింపలేక వారు దానిని మానిరి గాని, మిత్రుని మాత్రము అప్పుడే విడువలేదు.

ఇంత జరిగిన పిమ్మట గాంధీజీ చేసికొన్న నిర్ణయము ఆలోచింపదగినది. ఒకనిని దిద్దదలచినవాడు వానితో గాఢమైన చెలిమి చేయరాదు అనునది దాని సారాంశము. గుణముకంటె దోషము త్వరగా అంటుకొనునని వారి అనుభవము. నాకు తోచునది మరియొకటి కలదు. ఇది గాంధీజీ మాట కాదు, సూత్రమును ప్రక్కన పెట్టుకొని చదివినప్పుడు నాకు కలిగిన తలంపు. ఆ బాలుడు మాధ్యస్థ్యము చూపవలసిన చోట స్నేహము చూపెను. బలమును చూచి గుణమని భ్రమపడి, ముఖవికాసమును తప్పు చోట ఖర్చుపెట్టెను. మాధ్యస్థ్యమనగా మొగము త్రిప్పుకొనుట అని కొందరు అపార్థము చేయుదురు. వీధిలో కనబడినప్పుడు కుశలమడుగుటకు, జబ్బుపడినప్పుడు మందు తెచ్చి యిచ్చుటకు అది అడ్డురాదు. వానిని మార్చితీరవలెనను పట్టుదలను, వానిపై కసిని రెంటిని వదలుకొనుటయే అందులోని పని. ఈ పని చేతగాక ఎన్ని కుటుంబములలో అన్నదమ్ములు, వియ్యంకులు ఒకరినొకరు దిద్దబూని మాటలు మానుకొన్నారో పాఠకులే లెక్కించుకొనవచ్చును.

రెండవ చెలిమికి వత్తము. 1891వ సంవత్సరము జూలైలో గాంధీజీ బారిస్టరు పరీక్ష ముగించుకొని బొంబాయి రేవులో దిగిరి. ఎదురుగా వచ్చిన అన్నగారు చెప్పిన మొదటి వార్త తల్లి మరణము. ఆమె గతించినది ముందే. విదేశములో ఒంటరిగా నున్నవానిని కలవరపెట్టరాదని ఇంటివారు దాచియుంచిరి. సముద్రము దాటినందుకు కులములో ఒక వర్గమువారు వెలివేసియేయున్నారు. ఇక వృత్తి సంగతి. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మామీబాయి అనునామె పక్షమున మొదటి కేసు దొరకినది. ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించుటకు లేచి నిలువగానే తల తిరిగినది. నోట మాట రాలేదు. ఫీజు వాపసు తీసికొని వేరొక వకీలును పెట్టుకొమ్మని చెప్పి కోర్టు విడచి వచ్చిరి. నెలకు 75 రూపాయల జీతముగల ఇంగ్లీషు ఉపాధ్యాయుని ఉద్యోగమునకు వెళ్లగా, పట్టభద్రుడు కాడని దానిని ఇయ్యలేదు. ఆరు నెలలకే బొంబాయి కాపురము ఎత్తివేసి రాజకోట చేరవలసి వచ్చెను. ఇరువది రెండేండ్ల వయసు, అన్నగారి తలపై అప్పు, భార్య, బిడ్డ. కష్టకాలమని మనము దేనిని అందుమో అది ఇదియే కదా!

ఆ బొంబాయిలోనే, డాక్టరు ప్రాణజీవన్ మెహతాగారి ఇంట, రేవునుండి వచ్చిన తొలినాళ్లలోనే వారికి రాయ్‌చంద్‌భాయి పరిచయమైరి. శ్రీమద్ రాజచంద్ర అని మనము భక్తితో పేర్కొనువారు వీరే. డాక్టరుగారి అన్నగారికి అల్లుడు. రేవాశంకర్ జగ్జీవన్ అను నగల వర్తకునితో భాగస్తుడు. ముత్యమును, వజ్రమును చూచిన మాత్రమున వెల కట్టగల నేర్పరి, లక్షల వ్యాపారము. సౌరాష్ట్రములోని వవాణియా గ్రామమున 1867లో పుట్టిరి గనుక గాంధీజీకంటె రెండేండ్లు మాత్రమే పెద్ద.

వారికి శతావధాని అని పేరు. గాంధీజీ పరీక్షింపదలచి, తాము నేర్చిన ఐరోపా భాషలలోని మాటలన్నియు కూర్చి చదివి వినిపింపగా, రాయ్‌చంద్‌భాయి వానిని అదే వరుసలో తిరిగి అప్పగించిరి. ఆ భాషలేవియు వారికి రావు. శతావధానమనిన గుజరాతులో అది వింత కావచ్చును. తెలుగువారికి ఇంటి విద్య. ఆ దశాబ్దముననే దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారలు గోదావరి మండలమునుండి బయలుదేరి ఊరూర అవధానములు చేయసాగిరి. వేంకటశాస్త్రిగారి బాల్యమున కొంత యానాములో గడచినదని అచటి మన పాఠకులు ఇప్పటికిని గర్వముతో చెప్పుకొందురు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శుశ్రూషలో కలసికొన్న ఆ యిద్దరు, సమానమైన విద్య కలవారు. అట్టివారి నడుమ అసూయ పుట్టుట ఎంత సులభము! కాని ఇద్దరు ఒక్క పేరుతో వ్రాసిరి. ఏ పద్యమెవరిదో చెప్పలేదు. 1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిన తరువాత కూడ వేంకటశాస్త్రిగారు తమ కొత్త రచనలను జంటపేరుతోనే ప్రకటించుచు వచ్చి, 1950లో కన్నుమూసిరి. ప్రమోదమునకు తెలుగున ఉదాహరణ అడిగినవారికి నేను దీనినే చూపుదును. గ్రంథముపై పేరు వేసికొనుటలో ఎంత ఆశ యుండునో వ్రాయువారికే తెలియును.

మరల బొంబాయికి. గాంధీజీ ఆ జ్ఞాపకశక్తిని చూచి కొంత ఈర్ష్యపడినట్లు తామే వ్రాసిరి. అయితే దానికి వశులు కాలేదనియు చేర్చిరి. రాయ్‌చంద్‌భాయి కూడ ఆ విద్యను గొప్పగా నెంచక చిన్నతనముననే సభలలో ప్రదర్శించుట మానివేసిరి. గాంధీజీని ఆకర్షించినది వారి శీలము, శాస్త్రజ్ఞానము, ఆత్మను తెలిసికొనవలెనను తపన. లక్షల బేరము ముగిసిన మరుక్షణమున వర్తకుని చేతిలో ధర్మగ్రంథమో, తమ తలంపులు వ్రాసికొను పుస్తకమో తెరచుకొనెడిదట. ఈ ఇద్దరి నడుమ బేరము లేదు, బాకీ లేదు, స్వార్థమేమియు లేదు. ఎదుట కూర్చున్నది కేసులు లేని బారిస్టరు. అయినను ఆయన వచ్చినప్పుడెల్ల రాయ్‌చంద్‌భాయి గంభీరమైన ధర్మవిషయములనే ముచ్చటించెడివారు. కేసు ఏల పోయినది, ఇకముందు ఎట్లు వాదించవలెను అను మాటలు ఆ గ్రంథమున వారి నోట ఎక్కడను కనబడవు.

ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల నేను ఆగిపోవుదును. తనకు అన్నియు తప్పిన దినములలో, తన యీడువాడే అన్నియు నెగ్గి ఎదుట కూర్చుండగా, వాని గుణమును చూచి సంతోషింపగలుగుట సామాన్యమా? మన సంఘములోని సంగతి చూడుడు. ఒకనికి వ్యాపారము దెబ్బతిని దుకాణము మూయవలసి వచ్చినదనుకొందము. మరునాటినుండి అతడు పెండ్లిండ్లకు రాడు. పండుగనాడు ఆలస్యముగా వచ్చి ముందుగా వెళ్లిపోవును. మనము అతనికి గర్వమందుము. గర్వము కాదు. మనము అతనిని చూచిన వెంటనే, ‘సరకు అరువు మీద ఇచ్చినందుననే గదా ఇట్లయినది, నేనప్పుడే చెప్పితిని’ అందుము. లేదా జాలిగా చూతుము. రెండును అతడు ఓడిపోయినాడని నలుగురిలో చాటుటయే. దుకాణము మూతపడినను అతనికి లెక్కలు తెలియును, పద్యములు వచ్చును, పదిమందికి దారి చూపిన అనుభవము కలదు. ఆ సంగతులను గూర్చి అతనితో మాటలాడువాడే అతనికి ఆనాడు మిత్రుడు. అప్పు తీర్చగలవాడు అప్పు తీర్చిన మంచిదే. అది చేయలేనివాడు ఏమియు చేయలేనని ఇంట కూర్చుండ పనిలేదు.

ఇక రెండవ వైపు. దెబ్బతిన్నవాడు కూడ ఒక పని చేయవలసి యున్నది. చెప్పుటకు నాకు కొంత జంకుగా నున్నను చెప్పెదను. ఎదుటివాని మేలు చూడగలుగు కన్నును కష్టములో మూసికొనరాదు. మన సుఖము మన లాభనష్టములపైననే నిలచియున్నంతకాలము అది సంత ధర వలె లేచి పడుచుండును. ఎదుటివాని గుణమువలన కలుగు సంతోషము మన పెట్టుబడిపై ఆధారపడదు. అందుచేతనే పెద్దలు ప్రమోదమును అలంకారముగా గాక సాధనగా చెప్పిరి. పతంజలి యీ భావనల ఫలము చిత్తము తేటపడుట అనెను. తేటపడిన చిత్తము దుకాణమును తెరువదు గాని, తెరచు దారి కనబడుటకు తేటనీరే కావలెను.

1893 ఏప్రిల్‌లో గాంధీజీ ఒక సంవత్సరపు పనిమీద దక్షిణాఫ్రికాకు పోయిరి. అచట క్రైస్తవ మిత్రులు ప్రేమతో తమ మతమునకు రమ్మనిరి. ముసల్మాను మిత్రులు ప్రేమతో తమ గ్రంథములు చదువుమనిరి. వారిలో ఒక్కడును చెడ్డవాడు కాడు. అందరు మంచివారగుటయే మనస్సును మరింత కలత పెట్టెను. ఆ కలతలో వారు సముద్రమావలనున్న రాయ్‌చంద్‌భాయికి తమ సందేహములు వ్రాసి పంపిరి. మొత్తము 27 ప్రశ్నలు. 1894లో సమాధానములు వచ్చినవి. ఆత్మ అనగా ఏమి, ఈశ్వరుడెవరు, మోక్షమేమి, చదువురానివానికి భక్తి ఒక్కటిచే మోక్షము కలుగునా, క్రైస్తవ మతమును గూర్చి మీ అభిప్రాయమేమి, ఈ లోకము చివరకు ఏమగును — ఇట్లు సాగును ఆ జాబితా. పగలెల్ల ఇంగ్లీషులో మాటలాడుచున్న ఆ బారిస్టరు ఈ ప్రశ్నలు అడుగుటకు తన గుజరాతీని వెదకికొనెను. బళ్లారిలో, హోసూరులో, బరంపురములో, షోలాపురములో తరతరములుగా నిలచిపోయిన మనకు దీని అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. బజారు మాట ఒకటి, బడి మాట ఒకటి అయినను, నిద్రపట్టని రాత్రి ఒకనికి జాబు వ్రాయవలసినప్పుడు కలము తెలుగులోనికి మరలును.

రాయ్‌చంద్‌భాయి జాబులో నాకు నచ్చినది వారి ఓపిక. ప్రతి ప్రశ్నకు విడివిడిగా సమాధానమిచ్చిరి. తాము జైనధర్మమున నిష్ఠగలవారయ్యు, గాంధీజీని దానిలోనికి రమ్మని పిలువలేదు. తొందరపడవలదనియు, హిందూధర్మమును ఇంకను లోతుగా చదువుమనియు సలహా చెప్పి, పంచీకరణము, మణిరత్నమాల, యోగవాసిష్ఠములోని ముముక్షు ప్రకరణము పంపిరి; వానితో పాటు హరిభద్రసూరి షడ్దర్శనసముచ్చయమును కూడ పంపిరి. ఆరు దర్శనములను ఒక్కచోట పక్షపాతము లేక వివరించు గ్రంథమది. దారి తప్పిన మిత్రునికి తన యింటి త్రోవ ఒక్కటే చూపక, ఆ ఊరి పటమునే చేతికిచ్చినట్లున్నది.

ఇరువది యేడవ ప్రశ్న పామును గూర్చినది. పాము కరువ వచ్చినప్పుడు దానిని కరువనీయవలెనా, చంపవలెనా? తప్పించుకొను వేరు దారి లేదనుకొని అడిగిన ప్రశ్న. కరువనిమ్మని మీకు చెప్పుటకు వెనుదీయుచున్నాననియే రాయ్‌చంద్‌భాయి మొదలుపెట్టిరి. అయితే దేహము నిలువదని నిజముగా తెలిసినవాడు, నిలువని దానికొరకు ప్రాణము మీద తీపిగల మరియొక జీవిని ఎట్లు చంపగలడు అని ఎదురడిగిరి. ఆత్మకు మేలు కోరువాడు ఏమి చేయునో చెప్పి, చంపుమను సలహా అవసరమగు స్థితి మనకు కలలోనైనను రాకుండుగాక అను భావముతో ముగించిరి. ఆజ్ఞ లేదు, శాపము లేదు. నిర్ణయము అడిగినవాని చేతనే విడిచిరి. ఇంత చనువు, ఇంత గౌరవము ఉన్నను గాంధీజీ వారిని గురువుగా స్వీకరింపలేకపోతినని స్పష్టముగా వ్రాసిరి. తమ హృదయములో గురుపీఠము ఖాళీగానే యున్నదనిరి. కొందరు భక్తులకు ఈ మాట కష్టముగా నుండును. నాకు మాత్రము అది ఆ చెలిమి యొక్క శుద్ధిని చూపుచున్నది. తమ బ్రతుకుపై గాఢమైన ముద్ర వేసిన ముగ్గురిని చెప్పునప్పుడు టాల్‌స్టాయ్, రస్కిన్‌లు గ్రంథముల ద్వారమునను, రాయ్‌చంద్‌భాయి ప్రత్యక్ష పరిచయమునను అని గాంధీజీ విభజించిరి.

1901 ఏప్రిల్‌లో రాయ్‌చంద్‌భాయి రాజకోటలో దేహము చాలించిరి. వయసు 33. గాంధీజీ అప్పుడు దక్షిణాఫ్రికాలోనే యుండిరి.

1917లో సత్యాగ్రహాశ్రమము సబర్మతి యొడ్డునకు మారినప్పుడు ఆ నేల పాములతో నిండియుండెను. పిల్లలున్నారు, డేరాలలో కాపురము. అయినను పాములను చంపరాదని అచట నియమము పెట్టిరి. ఫీనిక్స్‌లోను, టాల్‌స్టాయ్ క్షేత్రములోను ఇదే తీరు. మొత్తము 25 సంవత్సరములలో పాముకాటు వలన ఒక్క ప్రాణమును పోలేదని గాంధీజీ ఆత్మకథలో వ్రాసిరి. పాములనిన భయము మాత్రము తమలో ఎవరిని ఇంకను విడువలేదని అదే పుటలో ఒప్పుకొనిరి.